మెట్ల బండి దానంతట అదే కదిలింది

నేను ఒక మెట్ల బండిని. విమానాశ్రయంలో విమానం తలుపు దగ్గరికి వెళ్లి ఆగి, లోపలున్న మనుషుల్ని నేల మీదికి దించే బండిని. కింద చూస్తే లారీని. చక్రాలు, ఇంజను, స్టీరింగు అన్నీ ఉన్నాయి. పైన చూస్తే మేడ మెట్లను. ఆ మెట్ల చివర ముగ్గురు నిలబడేంత చిన్న అరుగు. విమానం తలుపుకి ఆ అరుగు ఆనేట్టు నన్ను నిలబెడతారు. మీలో విమానం ఎక్కినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు నన్నో, నా తోబుట్టువునో తొక్కే ఉంటారు. గుర్తులేదా? పరవాలేదు. తొక్కినదాన్ని గుర్తుపెట్టుకునే అలవాటు మనుషులకి మొదటినుంచీ తక్కువ.

నేను పుట్టింది బాలానగర్‌లో ఓ రేకుల షెడ్డులో. వెల్డింగ్ నిప్పురవ్వల మధ్య నాకు ఒక్కో మెట్టూ మొలిచింది. తయారయ్యాక నన్ను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, ముందు గుమ్మడికాయ పగలగొట్టారు. దిష్టి పోవాలని. దిష్టి సంగతి తర్వాత, బ్రేకు పనిచేస్తోందో లేదో ఆ రోజు ఎవరూ చూడలేదు. అదృష్టవశాత్తూ అది పనిచేసింది. ఈ సంగతి గుర్తుంచుకోమని మనవి. ముందు ముందు నా బ్రేకు మీద చాలా అభాండాలు పడతాయి.

నా మొదటి యజమాని ఒక విమాన కంపెనీ. వాళ్లు నాకు ఎర్రరంగు వేశారు. విమానాలకీ ఎరుపే, వాటిలో పనిచేసే అమ్మాయిల చీరలకీ ఎరుపే, చివరికి లెక్కలు కూడా ఎర్రసిరాలోకే దిగి కంపెనీ మూతపడింది. చాన్నాళ్లు ఎండలో నిలబడ్డాను. నా అరుగు మీద కాకులు సంసారాలు పెట్టాయి. తర్వాత, విమానాలకి సామాను మోసి, మెట్లు వేసి, నీళ్లు పట్టే పనుల్ని గుత్తకి తీసుకున్న ఒక సంస్థ నన్ను కొనుక్కుంది. ఎరుపు గీకకుండా దాని మీదే నీలం పూసి, ఉత్తరాంధ్రలో సముద్రపు గాలి కొట్టే ఓ విమానాశ్రయానికి పంపింది.

అక్కడ నేను చూసిన మనుషుల్ని గురించి చెప్పాలంటే ముందు పెద్దమనుషులతో మొదలుపెట్టాలి. తలుపు తెరుచుకోగానే మామూలు మనిషి నా మెట్లని చూస్తాడు. పెద్దమనిషి జనాన్ని వెతుకుతాడు. ఒకసారి ఒక నాయకుడు నా అరుగు మీద నిలబడి, రెండు చేతులూ జోడించి, తర్వాత ఒక చెయ్యి పైకెత్తి, చిరునవ్వుతో అటూ ఇటూ ఊపాడు. ఎదురుగా ఉన్నది విమానంలోని మరుగుదొడ్లు ఖాళీ చేసే ట్యాంకరొక్కటే. దాని డ్రైవరు కంగారుపడి తిరిగి చెయ్యి ఊపాడు. నాయకుడు తృప్తిగా దిగాడు.

మనుషులు విమానం గాలిలో ఉన్నంతసేపూ దేవుణ్ణి తలుచుకుంటారు. చక్రాలు నేలని తాకగానే దేవుణ్ణి వదిలేసి ఫోన్లు తీస్తారు. గండం గడిచిందని వాళ్ల నమ్మకం. విమానానికి అసలు గండాలు ఆగిన తర్వాతే మొదలవుతాయని నాకు తెలుసు. ఆగిన విమానం చుట్టూ మేం మూగుతాం. భోజనాల లారీ, సామాను ఎక్కించే పట్టా బండి, నీళ్ల బండి, ఇంధనం నింపే బండి, నేను. పెళ్లిలో మొదటి బంతికి ఎగబడ్డట్టుంటుంది. అందరికీ తొందరే. భోజనాల లారీ ఒకసారి వెనక్కి వస్తూ రెక్క చివర చీల్చేసింది. ఇంకోసారి పట్టా బండి విమానం పొట్టలో గుద్దింది. అలాంటప్పుడల్లా ఒకటే మాట వినబడేది. "ఏం లేదు సార్, చిన్న గీత." రెక్క చీలినా చిన్న గీతే, పొట్ట లోపలికి పోయినా చిన్న గీతే. ఆ మాట ఎక్కువగా అన్నది స్టేషన్ మేనేజర్ ప్రభంజన్.

ప్రభంజన్ ఇస్త్రీ నలగని మనిషి. మా గుత్త సంస్థ తరఫున ఆ విమానాశ్రయంలో అన్నిటికీ ఆయనే పెద్ద. విమానం ఆలస్యమైతే ఆయన మొహం మాడిపోయేది. మనిషి గాయపడితే మాత్రం మొహం మామూలుగానే ఉండేది. ఎందుకంటే ఆలస్యానికి పైనుంచి ఫోన్ వస్తుంది, గాయానికి రాదు.

నన్ను నడిపేవాడు సన్యాసిరావు. నలభై దాటిన మనిషి. నన్ను విమానం తలుపుకి ఆనించడంలో అతని చెయ్యి మెత్తన. నిద్రపోతున్న పిల్ల పక్కన తలగడ పెట్టినట్టు పెట్టేవాడు. అతనికున్న బలహీనత ఒక్కటే, మీసం. పైకి తిప్పిన ఆ మీసానికి రోజూ నూనె రాసేవాడు. డ్రైవరు సీటు పక్కనున్న నా అద్దాన్ని వెనక దారి చూడ్డానికి ఎంత వాడాడో, మీసం చూసుకోవడానికీ అంతే వాడాడు.

ఆ ఏడాది భద్రతా వారోత్సవాలు వచ్చాయి. ప్రమాదాలు జరక్కుండా జాగ్రత్తపడదామని ఏటా వారం రోజులు చేసే పండగ అది. మిగతా వారాల సంగతి నన్నడక్కండి. ముగ్గుల పోటీ పెట్టారు, ప్రతిజ్ఞ చేయించారు, లడ్డూలు పంచారు. నా మెట్ల పక్క కడ్డీలకి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక బ్యానరు కట్టారు. "భద్రతే మా ఊపిరి." మెట్లు దిగేవాళ్లు పట్టుకునే కడ్డీ దాంతో కప్పుకుపోయింది. ఇద్దరు ముసలివాళ్లు పట్టు దొరక్క తడబడ్డారు. అయినా బ్యానరు ఊడలేదు. వారోత్సవం కదా.

చివరి రోజు ఉదయం ఒక విమానం వచ్చి ఆగింది. సన్యాసిరావు నన్ను తలుపుకి ఆనించాడు. ప్రయాణికులు దిగిపోయారు. ఆ విమానంలో పనిచేసే ఎస్తేరు రాణి అనే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అందరికీ నమస్కారాలు పెట్టింది. సామర్లకోట పిల్ల. ఎవరేం అడిగినా "అలాగేనండి" అనే మనిషి. అందరూ దిగాక ఒక పెద్దాయన కింద బస్సు దగ్గర్నుంచి కేక వేశాడు. కళ్లజోడు సీటు దగ్గర మర్చిపోయాడట. "తెస్తానండి, ఉండండి" అని ఎస్తేరు లోపలికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే ప్రభంజన్ ఫోటో కోసం అందర్నీ పోగేశాడు. పై ఆఫీసుకి వారోత్సవాల ఫోటో పంపాలి. వెనక విమానం, ముందు సిబ్బంది, పక్కన బ్యానరుతో నేను. సన్యాసిరావుని ఆ ఏటి ఉత్తమ డ్రైవరుగా ఎంచారు కాబట్టి అతను నా స్టీరింగు దగ్గర కూర్చుని ఉండగా ఫోటో పడాలని ఏర్పాటు. ప్రభంజన్ ముందుకొచ్చి, తల పక్కకి వంచి చూసి, నాలుక చప్పరించాడు.

"విమానం మీద కంపెనీ పేరు కనపడట్లేదయ్యా. ఈ మెట్లు అడ్డొస్తున్నాయి. సన్యాసీ, బండి కొంచెం వెనక్కి తియ్యి."

మా పనిలో పసిపిల్లాడికి కూడా తెలిసిన నియమం ఒకటుంది. విమానం తలుపు మూసి, లోపలివాళ్లు సైగ చేశాకే మెట్లు కదపాలి. ప్రభంజన్‌కి తెలుసు. సన్యాసిరావుకి తెలుసు. నాకూ తెలుసు, కానీ నన్నడిగేదెవరు? సన్యాసిరావు ఫోటో కోసమని అద్దాన్ని తన మొహం వైపు తిప్పుకుని మీసం కొన దువ్వుతున్నాడు. ఒక చేత్తో దువ్వెన, ఇంకో చేత్తో గేరు. నన్ను వెనక్కి తీశాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు!"

నా అరుగుకీ విమానం తలుపుకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. కింద ఇద్దరు మనుషుల లోతున సిమెంటు నేల.

వరసలో చివర నిలబడ్డ తాతారావు అనే సామాను మోసే మనిషి అది చూశాడు. చెయ్యెత్తి, "సార్..." అన్నాడు, గొంతులోంచి సగమే వచ్చింది.

"చెయ్యి దించవయ్యా, ఫోటోలో బాగోదు," అన్నాడు ప్రభంజన్.

తాతారావు చెయ్యి దించాడు. పదిమంది దాకా ఉన్నారక్కడ. తలుపు తెరిచి ఉండటం కనీసం నలుగురికి కనబడింది. ఆ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెద్దాయన ఉన్నప్పుడు మనమెందుకు నోరు చేసుకోవడమని నీళ్లు నమిలారు. ఫోన్ పట్టుకున్నవాడు, "అందరూ ఇటు చూడండి, స్మైల్ ప్లీజ్!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఎస్తేరు కళ్లజోడు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. మొహం ఇంకా లోపలికే తిరిగి ఉంది. "ఇది ఇచ్చేసి వస్తానే," అని తోటి అమ్మాయితో చెబుతూ, రోజూ వేసే అడుగే వేసింది. ఆ అడుగు కింద నేను లేను.

ఆ చప్పుడు గురించి నేను చెప్పను. నవ్వులు అలాగే మొహాల మీద కాసేపు ఉండిపోయాయి, తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. మొదట పరిగెత్తినవాడు తాతారావు. సన్యాసిరావు నాలోంచి దూకి, ఆమె పక్కన మోకాళ్ల మీద పడి, "అమ్మా! అమ్మా! నా తల్లీ!" అంటూ ఏం చెయ్యాలో తెలియక తన చొక్కా విప్పి ఆమె తల కింద పెట్టాడు. కళ్లజోడు యజమాని కూడా వచ్చాడు. వంగి కళ్లజోడు తీసుకుని, అద్దాల మీద గీతలు పడ్డాయేమోనని వెలుగుకి పెట్టి చూసుకున్నాడు. పడలేదు. అప్పుడు, "పాపం, అమ్మాయికెలా ఉంది?" అని అడిగాడు.

ప్రభంజన్ ఫోన్లన్నీ తెప్పించి ఆ ఫోటో చెరిపించాడు. పైకి ఫోన్ చేసి, "ఏం లేదు సార్, చిన్న..." అని ఆగిపోయాడు. గీత అనడానికి అతనికి కూడా నోరు రాలేదు. అంతవరకు మెచ్చుకోవాలి.

ఎస్తేరుకి తుంటి ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. బతికింది. రెండు నెలల తర్వాత విచారణ సంఘం వచ్చింది. దాని పెద్ద శఠగోపం గారు, పదవీ విరమణ చేసిన అధికారి. ప్రమాదం జరిగిన చోటే, జరిగినట్టే మళ్లీ నిలబెట్టి చూడాలని ఆయన కోరిక. అందుకని నన్ను మళ్లీ ఒక విమానం పక్కన నిలబెట్టారు. అంతకుముందే ప్రభంజన్ నా పక్కకి వచ్చి, నా చక్రానికి ఆనుకుని, సన్యాసిరావుకి పాఠం చెప్పాడు.

"చూడు సన్యాసీ. తలుపు దగ్గర ఎవరూ లేరు, సైగ చేశాకే తీశాను అను. అంతే. అమ్మాయి చూసుకోకుండా అడుగేసిందని వాళ్లే రాసుకుంటారు. నీ ఉద్యోగానికి నాది పూచీ."

"మరి ఆ పాప ఉద్యోగం బాబూ?"

"ఆవిడ కంపెనీ వేరు. మనకెందుకు?"

సన్యాసిరావు తలూపాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్న తలకి ఊగడం తప్ప ఇంకేం తెలుస్తుంది?

ఎస్తేరు చంకకర్రల మీద వచ్చింది. బాగా చిక్కిపోయింది. నా వైపు చూసి చూపు తిప్పుకుంది. శఠగోపం గారు చేతులు వెనక్కి కట్టుకుని, "ఆ రోజు ఎవరెక్కడ ఉన్నారో అక్కడే నిలబడండి," అన్నారు. అందరూ సర్దుకున్నారు. మధ్యలో, సరిగ్గా ఫోటో తీయించినవాడు నిలబడ్డ చోట, జాగా ఖాళీగా మిగిలింది.

"అక్కడెవరు ఉన్నారు?"

"ఎవరూ లేరు సార్. నేను క్యాబిన్‌లో మెయిల్స్ చూసుకుంటున్నాను," అన్నాడు ప్రభంజన్. "అసలు సమస్య అవగాహన లోపం సార్. తలుపు దాటే ముందు కిందికి చూడాలన్నది వాళ్ల శిక్షణలో మొదటి పాఠం."

ఎస్తేరు కంపెనీ తరఫున వచ్చిన అధికారి తలాడించాడు. తప్పు ఆమెదని తేలితే ఆసుపత్రి ఖర్చు కంపెనీకి తప్పుతుంది. శఠగోపం గారు సన్యాసిరావు వైపు తిరిగారు. అతను నా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. అతని అరచేతుల చెమట నాకు తెలుస్తూనే ఉంది.

"తలుపు కాడ ఎవులూ నేరు బాబూ. సైగ సేసినాకే..."

"సన్యాసిరావు గారూ," అంది ఎస్తేరు. గొంతులో కోపం లేదు. అది ఉంటే అతనికి సుఖంగా ఉండేది. "ఎవరూ లేరని మీరు చూశారా, చూడకుండా అంటున్నారా? నాకు తెలియాలండి. సైగ నేను చేశానేమో, చేసి మర్చిపోయానేమో అని రోజూ పడుకుని అదే తలుచుకుంటున్నాను. నా తప్పయితే నా తప్పే. కానీ తెలియాలి."

సన్యాసిరావు స్టీరింగు వదిలాడు. తర్వాత నా సీటులోంచి దిగాడు.

"సూడ్నేదమ్మా. అద్దం నా మొఖం వేపు తిప్పుకున్నాను. మీసం సూసుకుంతన్నాను." అతని చెయ్యి అలవాటుగా పైపెదవి మీదికి వెళ్లింది. అప్పుడు గమనించాను, మీసం తీసేశాడు. "నువ్వు సైగ సెయ్యనేదు తల్లీ. తలుపు ముయ్యనేదు. ఎనక్కి తియ్యమన్నారు, తీసినాను. తియ్యమన్నది ఈయనే బాబూ. ఇదిగో, ఇక్కడే నిలబడ్డారు."

"వాడికి మతి పోయింది సార్," అన్నాడు ప్రభంజన్.

"నాను సెయ్యెత్తినాను బాబూ," అన్నాడు వెనకనుంచి తాతారావు. ఈసారి గొంతు పూర్తిగా వచ్చింది. "దించీమన్నారు. ఫోటోలో బాగోదన్నారు."

"ఏ ఫోటో?" అన్నారు శఠగోపం గారు.

ఎస్తేరు చెప్పింది. "ఫోటో ఏదో నేను చూళ్లేదండి. పడేముందు నాకు వినబడ్డ ఆఖరి మాట మాత్రం 'స్మైల్ ప్లీజ్'."

సముద్రం మీదినుంచి గాలి వీచింది. శఠగోపం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకసారి ప్రభంజన్ని, ఒకసారి కంపెనీ అధికారిని, ఒకసారి గడియారాన్ని చూశారు. నా ప్రాణం, ఉంటే గింటే, ఆ క్షణంలో గొంతులో ఉంది. ఇంత స్పష్టంగా విన్నాక ఇంకేం కావాలి?

"ఎండగా ఉంది," అన్నారాయన. "టీ తాగుదాం."

అందరూ లోపలికి వెళ్లారు. సన్యాసిరావు మాత్రం ఎస్తేరు ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"నన్ను తిట్టమ్మా."

"తిట్టాలనే ఉందండి," అంది. "కర్రల మీద నిలబడి తిట్టలేను. నొప్పి తగ్గాక తిడతాను."

అతను ఏడుస్తూనే నవ్వాడు. కుర్చీ తెచ్చి నా నీడలో వేశాడు. ఆమె కూర్చుంది.

సంఘం చాలా ఆలోచించింది. తప్పు మేనేజరుదంటే గుత్త సంస్థకి నష్టం. అమ్మాయిదంటే, అందరూ విన్న మాటలు విననట్టు నటించాలి, అది శఠగోపం గారికి మనస్కరించలేదు. డ్రైవరుదంటే వాడు మళ్లీ నోరు విప్పుతాడు. మనుషుల్లో ఎవరికీ నొప్పి తగలకుండా నేరం మోసేవాడు ఒకడు కావాలి. చివరికి దొరికాడు.

"బ్రేకు పట్టు సడలినందున మెట్ల బండి దానంతట అదే కదిలింది. అదే ప్రమాదానికి కారణం."

దానంతట అది! పుట్టినప్పటినుంచీ నా ఇష్టంతో నేను ఒక్క అంగుళం కదిలినదాన్ని కాను. తియ్యమన్న చోటికి వెళ్లాను, ఆపమన్న చోట ఆగాను. నాకు సొంత బుద్ధి ఉందని ఒప్పుకున్న మొట్టమొదటి పెద్దమనిషి శఠగోపం గారు. అదీ శిక్ష వెయ్యడానికి.

మిగతావాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎస్తేరుకి ఆసుపత్రి ఖర్చు దక్కింది. నడకలో తేడా వచ్చిందని విమానంలో ఉద్యోగం పోయింది. నిర్దోషి అని తేలిన సన్యాసిరావు ఒప్పందాన్ని సంస్థ పొడిగించలేదు. ఇప్పుడు తగరపువలస వైపు స్కూలు బస్సు నడుపుతున్నాడట. పిల్లలందరూ కూర్చున్నారో లేదో వెనక్కి తిరిగి స్వయంగా చూస్తేగాని బండి కదపడట. ఈ సంగతి తాతారావు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ప్రభంజన్‌కి బదిలీ అయింది. మూడు విమానాశ్రయాలకి ఆయనే భద్రతాధికారి.

నన్ను గోడ పక్కన పడేసి, తర్వాత వేలంలో అమ్మేశారు. కొన్నవాడు హరనాథ్ అనే ఆయన. ఊళ్లో, మెయిన్ రోడ్డు మీద, విమానాల్లో ఉద్యోగాలు చేయాలనుకునే అమ్మాయిలకి శిక్షణ ఇచ్చే సంస్థ ఆయనది. నాకు గులాబీ రంగు పూసి, సంస్థ ఆవరణలో ఒక గోడకి ఆనించి నిలబెట్టాడు. ఆ గోడ మీద విమానం తలుపు బొమ్మ వేయించాడు. అమ్మాయిలు రోజూ నా మెట్లు ఎక్కి, గోడ దాకా వెళ్లి, బొమ్మ తలుపు ముందు నిలబడి నవ్వడం నేర్చుకుని దిగుతారు. ఎంత పళ్లు కనబడాలి, ఎంతసేపు కనబడాలి అన్నది పాఠం. దానికి ఫీజు.

ఒక సోమవారం కొత్త టీచరు వచ్చింది. చేతికర్ర ఆనించుకుంటూ, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. ఎస్తేరు రాణి.

నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. గులాబీ రంగులో నన్ను నేనే గుర్తుపట్టను. నా కింది మెట్టు దగ్గర కాసేపు నిలబడి పైకి చూసింది. ఒక అమ్మాయి, "మేడమ్, మీరు కిందే ఉండండి, మేం ఎక్కుతాం," అంది. ఎస్తేరు తల అడ్డంగా ఊపి, కడ్డీ పట్టుకుని, మంచికాలు ముందు వేసి, రెండోది దాని పక్కకి చేర్చి, ఒక్కొక్క మెట్టే ఎక్కింది. ఇంత బరువైన అడుగు నా మీద ఇంతకుముందు పడలేదు. అరుగు మీదికి చేరి ఊపిరి తీసుకుంది. అమ్మాయిలందరూ వెనకాలే ఎక్కి మెట్ల నిండా నిలబడ్డారు.

"ఇలాంటి అరుగు మీదికే ఒకసారి అడుగేశాను," అంది. "అరుగు లేదు. కింద పదిమంది ఉన్నారు. నలుగురు చూశారు. ఎవరూ అరవలేదు."

కిందినుంచి హరనాథ్ గారు కంగారుగా, "మేడమ్! ఆ విషయాలొద్దండి, అడ్మిషన్ల సీజను. నవ్వు గురించి చెప్పండి, నవ్వు," అన్నారు.

"అలాగేనండి," అంది ఎస్తేరు. అమ్మాయిల వైపు తిరిగింది. "నవ్వడం మీకు వచ్చు. ఇవాళ అరవడం నేర్చుకుందాం. కింద ఎవరో బండి తీస్తున్నారు, తలుపు తెరిచి ఉంది. పక్కన మీ మేనేజరున్నాడు. ఏమంటావు, నువ్వు చెప్పు."

ముందున్న పిల్ల జుట్టు సర్దుకుని, తియ్యగా, "ఎక్స్‌క్యూజ్ మీ సర్, కొంచెం ఆపుతారా ప్లీజ్..." అంది.

"ఈపాటికి నేను పడిపోయాను," అంది ఎస్తేరు. "మళ్లీ."

"సార్, ఆపండి."

"ఎవరికీ వినబడలేదు. సార్ తీసెయ్యి. మళ్లీ."

ఆ పిల్ల బిత్తరపోయి కిందికి చూసింది. హరనాథ్ గారు వేలు పెదవుల మీద పెట్టుకుని వద్దు వద్దని సైగ చేస్తున్నారు. పిల్ల ఎస్తేరు కాలి వైపు చూసింది. నా కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. గుండె నిండా గాలి పీల్చి, అమ్మా నాన్నా టీచర్లూ ఇన్నేళ్లూ మెల్లగా మెల్లగా అని అణిచిపెట్టిన గొంతునంతా బయటికి తీసి, "ఆపూ!" అని అరిచింది.

నా రేకులు అదిరాయి. ఆవరణ బయట, మెయిన్ రోడ్డు మీద, తన దారిన తాను పోతున్న ఒక ఆటో కీచుమని ఆగిపోయింది. డ్రైవరు తల బయటికి పెట్టి, ముందు చక్రం చూసుకున్నాడు, వెనక చక్రం చూసుకున్నాడు, తన తప్పేమిటో అర్థం కాక అలాగే ఉండిపోయాడు.